ఓడ దిగిన రోజు

విశాఖపట్నం కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. అక్కడ ఖౌస్వే దొరుకుతుంది. అంటే నూడుల్సే. కానీ రంగూన్ నుంచి వచ్చిన రుచి.

ఒకప్పుడు మనవాళ్లు పొట్ట చేతపట్టుకుని బర్మా వెళ్లారు. కూలికి వెళ్లారు. కొందరు కొట్లు పెట్టుకున్నారు. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది. ఉన్నదంతా వదిలి ఎందరో ఓడెక్కారు. కొట్టు పోయింది. చేతిలో పని మిగిలింది.

అలాంటి ఇంటి పిల్ల ఒకతె నూడుల్స్ బండి నడుపుతోందనుకుందాం. రెండు రోజులుగా బేరాల్లేవు. ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. నాయనమ్మ ఏమంటుంది? "ఓడ దిగిన రోజు మనకేముందే?" అంటుంది. నష్టం ఆ ఇంటికి కొత్త చుట్టం కాదు మరి.

కష్టం మనిషిని రాటుదేలుస్తుందని తేలిగ్గా అనేస్తాం. నాకది నచ్చదు. కష్టానికి కుంగిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ ఇంటిని నిలబెట్టింది కష్టం కాదు. చేతిలో మిగిలిన పని. పక్కింటావిడ అరువిచ్చిన మూకుడు.

ఈపాటికి ఆ పిల్ల లేచే ఉంటుంది. సాయంత్రానికి ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది.