విడిచిపెట్టడానికే పట్టిన పిట్ట

కంబోడియా రాజధాని నోమ్ పెన్‌లో రాజభవనం ఎదురుగా, నది ఒడ్డున పిట్టలమ్మేవాళ్లుంటారు. పంజరాల్లో చిన్న చిన్న పిట్టలు కిక్కిరిసి ఉంటాయి. డబ్బిస్తే ఒకటో రెండో చేతిలో పెడతారు. కొన్నవాళ్లు మనసులో ఏదో కోరుకుని ఎగరేస్తారు. థాయ్‌లాండ్ గుళ్ల ముందూ ఇదే పుణ్యం. చైనా, తైవాన్‌లలో ఫాంగ్‌షెంగ్ పేరుతో చేపల్నీ తాబేళ్లనీ కూడా నీళ్లలో వదులుతారు.

వాళ్ల మనసులో దయ లేదని నేననను. చేతన, అంటే ఉద్దేశమే, కర్మ అన్నాడు కదా బుద్ధుడు, ఉద్దేశం మంచిదైతే చాలదా అని అడిగేవాళ్లున్నారు. చాలదనే నా నమ్మకం. ఆ పిట్ట పంజరంలోకి ఎలా వచ్చిందో తెలిసి కూడా ఆ ఎరుకను పక్కకు నెట్టేస్తే, మిగిలిన ఉద్దేశాన్ని మంచిదని ఎలా అనగలం?

వినయపిటకంలో ఒక ఉదంతం ఉంది. ఉచ్చులో చిక్కిన పందిని చూసి జాలిపడి ఒక భిక్షువు విడిపించాడు. పరుల సొత్తు దొంగిలించినట్టయిందేమోనని తరవాత మథనపడ్డాడు. కరుణతో చేశావు గనక దోషం లేదన్నాడు బుద్ధుడు. ఆ భిక్షువు అటు రాకపోయినా ఆ పంది ఉచ్చులో పడేదే. నోమ్ పెన్ పిట్ట సంగతి వేరు. కొనేవాళ్లుంటారన్న ధీమాతోనే దాన్ని పట్టారు. ఉపాసకులు చేయరాదని బుద్ధుడు చెప్పిన ఐదు వ్యాపారాల్లో ప్రాణుల అమ్మకం ఒకటి. మన పుణ్యం కోసం ఇంకొకరిని ఆ వ్యాపారంలోకి దింపుతున్నాం.

చైనా తావో గ్రంథం లియెజిలో ఈ చిక్కు కథగా ఉంది. కొత్త సంవత్సరం నాడు హాందాన్ ప్రజలు పావురాలు తెచ్చిస్తే ప్రభువు సంబరపడి వాళ్లకు బహుమతులిచ్చాడు. ఆ పావురాల్ని వదిలేయడం ఆయన దయ చూపే తీరు. మీరు వదులుతారని తెలిసి జనం పోటీపడి పట్టుకుంటున్నారు, ఆ పట్టడంలో ఎన్నో చస్తున్నాయి, పట్టడమే నిషేధించండి అన్నాడొక అతిథి. ప్రభువు ఒప్పుకున్నాడు.

మన దగ్గర దసరాకు పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి చూపించేవాళ్లకు డబ్బివ్వడం కూడా ఈ కోవలోదే.

వదిలిన చోటు ఆ ప్రాణిది కాకపోతే అది మరో కీడు. 2015లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్ తీరంలో పరాయి జాతి పీతల్నీ లాబ్‌స్టర్లనీ పుణ్యానికని వందలకొద్దీ సముద్రంలో వదిలిన ఇద్దరికి, స్థానిక జీవులకు ముప్పు తెచ్చారని కోర్టు జరిమానా వేసింది.

అయినా పంజరం ముందు నిలబడ్డవాడికి ఈ వాదాలన్నీ కఠినంగానే తోస్తాయి. కళ్లెదుట రొప్పుతున్న పిట్టకు బజారు లెక్కలతో పనేముంది? దానికి కావలసింది తలుపు తెరుచుకోవడం. దాన్ని కాదని, ఇంకా వలలో పడని పిట్టల కోసం చేయి వెనక్కి తీసుకోవాలి. కొనకూడదనే అంటాను, బరువైన మనసుతోనే.

టిబెట్ పశుకాపరుల త్సెథర్ ఆచారం నాకు నచ్చుతుంది. కాపరి తన మందలోంచే ఒక యాక్‌నో గొర్రెనో ఎంచి, చెవికి రంగుల పోగులు కట్టి, ఇక దీన్ని అమ్మను, కోయను అని మాటిస్తాడు. అది మందలోనే మేస్తూ ముసలిదవుతుంది. గడ్డి చాలని ఏట కూడా ఆ మాట మీద నిలబడాలి. దాని వెల వదులుకునేది అతనే. దాని కోసం ఎవరూ కొత్తగా వల పన్నరు.