కాయకమున కాయమునకు విలువ ఎంత?

కాయకము అను మాట కాయమను మాట నుండి పుట్టినది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బసవేశ్వరుడును, ఆయన సహచరులైన శరణులును ఈ మాటకు మహోన్నతమైన అర్థము కల్పించిరి. ఒడలు వంచి చేయు పని హీనమని తలచుచున్న లోకమునకు, సత్యశుద్ధమైన పనియే శివపూజ యగునని వారు బోధించిరి. చెప్పులు కుట్టువాడును, పడవ నడుపువాడును, బట్టలు ఉతుకువాడును శరణుల గోష్ఠిలో సమానాసనము పొందిరి. అయితే ఒక సందేహము కలుగును. పని పూజ యైనపుడు, ఆ పనిలో మనుష్యుని ప్రాణము పోవుట కూడ పూజలో భాగమేనా? అపాయకరమైన పని చేయించువాడు, “ఇది నీ కాయకము” అని పలికి తన బాధ్యత నుండి తప్పుకొనవచ్చునా? ఈ ధర్మసందేహమును తేల్చుకొనుటకు నేటి చమురు పరిశ్రమలోని ఒక చిన్న పని చక్కని నిదర్శనము.

అమెరికాలోని నార్త్ డకోటా, మోంటానా రాష్ట్రముల క్రింద బాకెన్ అను శిలాస్తరము వ్యాపించియున్నది. అందలి షేల్ చమురు బావినీటివలె ఊరునది కాదు. గట్టి రాతి యొక్క సూక్ష్మరంధ్రములలో చిక్కుకొని యుండును. దానిని తీయుటకు సుమారు 3 కిలోమీటర్ల లోతునకు నిలువుగా తొలిచి, పిదప రాతిపొర వెంబడి అడ్డముగా దాదాపు అంత దూరము తొలుచుదురు. నీరు, ఇసుక, రసాయనములు కలిపి తీవ్రమైన ఒత్తిడితో లోనికి పంపి రాతిని పగులగొట్టుదురు. పైకి వచ్చిన చమురు నుండి వాయువును, ఉప్పునీటిని వేరుచేసి, బావి చెంతనే ఉక్కు ట్యాంకులలో నిలువ చేయుదురు. సాధారణముగా ఒక ట్యాంకు 400 బారెళ్లు, అనగా దాదాపు 64,000 లీటర్లు పట్టును.

ఈ ట్యాంకులను కనిపెట్టుకొని యుండుట నిత్యకృత్యము. అడుగున చేరు మడ్డియు నీరును ఉక్కును లోపలి నుండి తినివేయును. పైమూత అంచునందలి పట్టీ చెడినచో ఆవిరి వెలికి కారును. వీటన్నిటికంటె తరచుగా చేయు పని కొలత. కార్మికుడు మెట్లెక్కి, మూత తెరచి, బరువు కట్టిన టేపును లోనికి దింపి చమురు మట్టము చూచును. ఎంత సరకు అమ్ముడుపోయినదో, ఎంత సొమ్ము రావలెనో ఆ కొలతయే తేల్చును. కాని షేల్ చమురు తేలికయైనది. దానినుండి వెలువడు వాయువులు మూత క్రింద ఒత్తిడితో నిండియుండును. మూత తెరచిన క్షణమున అవి ముఖము మీదికి ఎగజిమ్మును. అచటి ప్రాణవాయువును తొలగద్రోయును. గుండె లయ తప్పించును.

2010 నుండి 2014 వరకు ఇట్లు ట్యాంకుల కడ కొలతలు, నమూనాలు తీయుచు తొమ్మండుగురు కార్మికులు మరణించిరని అమెరికా ప్రభుత్వ పరిశోధకులు గుర్తించిరి. కొన్ని మరణములు మొదట గుండెజబ్బు వలన కలిగినవనియే భావింపబడినవి. 2016లో నియోష్, ఓషా అను ప్రభుత్వ సంస్థలు కలసి హెచ్చరిక ప్రకటించి, మూత తెరువకయే కొలుచు సాధనములు వాడవలెననియు, ఒంటరిగా ఎవరిని ఆ పనికి పంపరాదనియు సూచించినవి.

“అపాయమని ఎరిగియే కూలికి ఒప్పుకొనెను గదా” యని కొందరనవచ్చును. ఎరుక లేని ఒప్పుదల ఒప్పుదల కాదు. తోటివాడు గుండెజబ్బుతో పోయెనని వినినవాడు మూత క్రింది మృత్యువును ఎట్లెరుగును? “కాయకమున కష్టము సహింపవలెను గదా” యని మరికొందరనవచ్చును. శరణులు కష్టమును సహించిరి, నిజమే. కాని అది తాము తమకై వరించిన కష్టము. పరుల లాభమునకై పరుల మీద మోపబడినది కాదు. ఇష్టలింగమును దేహముననే ధరింపుమని బోధించిన ధర్మము, దేహమును పనిముట్టువలె అరిగిపోనిమ్మని చెప్పదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మన ఇండ్లలో ఎల్లరెరిగినదే. మారయ్య రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు లక్కమ్మ ఆ అధికమును తిరిగి ఇచ్చి రమ్మనెను. ఆ సాధ్వి చూచిన కొలత గింజల రాశిలో లేదు. అది ఎట్లు వచ్చినదను ప్రశ్నలో కలదు. కొలుచువాని ప్రాణమును లెక్కింపక కొలిచిన చమురు, లక్కమ్మ తిరస్కరించిన బియ్యము వంటిదే.

ఇది దూరదేశపు కథ యని మనము నిశ్చింతగా నుండరాదు. మన నగరములలోను మురుగు గుంటల మూత తెరచి దిగినవారిని ఇట్టి విషవాయువులే బలిగొనుచున్నవి. తగు రక్షణ లేక మనుష్యులను దింపుట 2013 నాటి చట్టమున నిషిద్ధము. అయినను తక్కువ కూలికి దొరికినవానిని పిలిచి, రక్షణ మాట తలపెట్టని గృహస్థులు లేకపోలేదు.

కావున కాయకమను మాటకు రెండు కొసలు గలవు. పని చేయువాడు దానిని పూజగా చేయవలెను. చేయించువాడు ఆ పూజారి దేహమును ఆలయముగా కాపాడవలెను. రెండవ కొసను విడిచి మొదటిదానినే బోధించుట శరణుల మార్గము కాదు. మఠములలో కాయకమును గూర్చి ప్రసంగించునపుడు, గృహములలో పనివారిని పిలుచునపుడు, మూత తెరచువాడు క్షేమముగా దిగివచ్చునా యని ముందు విచారించుటయే దాసోహమునకు తొలిమెట్టు.