పిల్లల చేతిలో పత్రిక

పిల్లలకు చదవటం మీద ఆసక్తి కలగాలంటే వర్తమాన వ్యవహారాల పత్రికలు చదివించమని ఉపాధ్యాయులు సలహా యిస్తుంటారు. సలహా మంచిదే. కాని అందులో ఒక నైతిక ప్రశ్న వుంది. లోకంలో జరిగే అన్యాయాన్ని పిల్లల ముందు పెట్టవచ్చునా? పెడితే ఎవరి కళ్ళతో చూపించాలి?

లేత మనసులకు యీ గొడవలెందుకు అనేవారున్నారు. వారి దృష్టిలో బాల్యం ఒక పూలతోట. కాని ఆ తోట అందరు పిల్లలకూ లేదు. కరువొచ్చిన సంగతి కూలివాని బిడ్డ పత్రికలో చూసి తెలుసుకోడు. అన్నం గిన్నెలో చూసి తెలుసుకుంటాడు. అప్పులు, వలసలు, ధరలు అతనికి వార్తలు కావు, యింటి సంగతులు. కాబట్టి వార్తల నుంచి పిల్లల్ని కాపాడటమంటే, నిజానికి, కలవారి పిల్లల్ని లేనివారి బతుకు నుంచి దూరంగా వుంచటమే. యిక లేనివారి పిల్లలు నేర్చుకునేది మరొకటి: తాము పడే బాధ అచ్చుకెక్కదగిన విషయం కాదని. చదువు తమది కాదనే భావం అక్కడే మొదలవుతుంది.

ఇటలీలో ఫ్లోరెన్సు నగరానికి ఉత్తరాన కొండల్లో బార్బియానా అనే పల్లె వుంది. 1954లో అక్కడికి వచ్చిన లొరెంజో మిలానీ అనే కాథలిక్ మతాచార్యుడు, సర్కారు బడి తప్పించి పంపేసిన రైతుబిడ్డలకు చదువు చెప్పాడు. దినపత్రిక అక్కడ నిత్యపాఠం. 1965లో, అంతరాత్మ ఒప్పక సైన్యంలో చేరనివారిని పిరికివాళ్ళని నిందిస్తూ మాజీ సైనిక మతాచార్యులు చేసిన ప్రకటన పత్రికలో వచ్చింది. విద్యార్థులతో చర్చించి మిలానీ దానికి బహిరంగంగా జవాబు రాశాడు. ఆయన మీద కేసు పెట్టారు. 1966లో కింది కోర్టు నిర్దోషి అన్నది. 1967లో ఆ విద్యార్థులే కలిసి రాసిన పుస్తకం, బడి పేదపిల్లల్ని ఎలా వడపోస్తుందో లెక్కలతో సహా చూపించింది. పత్రిక చదవటం నేర్చినవారు పత్రికకు జవాబు చెప్పటం కూడా నేర్చారన్నమాట.

నెల్లూరు జిల్లా దూబగుంట అనుభవం పెద్దవారిదే అయినా చెప్పేది యిదే. అక్షరాస్యతా వాచకంలో సారా గురించిన పాఠం చదివిన స్త్రీలు సారా అంగళ్ళ మీద తిరగబడ్డారు. 1992లో ఉద్యమం రాష్ట్రమంతా పాకింది; 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠంలో వారికి తమ యిల్లే కనిపించింది.

కాని మన వూళ్ళలో యివాళ ‘కరెంట్ అఫైర్స్’ అంటే పోటీ పరీక్షల బిట్లు. ఏ పథకం ఏ తేదీన మొదలైంది? ఏ సదస్సు ఏ నగరంలో జరిగింది? అంతే. ఆ పథకం ఎందుకు వచ్చింది, ఎవరికి అందింది అన్న ప్రశ్నలకు నాలుగు సమాధానాల్లో ఒకటి ఎంచుకోవటం కుదరదు; అందువల్ల ఆ ప్రశ్నలే మాయమయ్యాయి. యిది లోకజ్ఞానం కాదు, లోకాన్ని వల్లె వేయటం.

మన వైపు నుంచి కూడా ప్రమాదం వుంది. మన పత్రికే యిచ్చి, మన తీర్పులే ఒప్పజెప్పించుకోవాలనే కోరిక మనకు లేకపోలేదు. కాని జమీందారు స్తోత్రం పోయి విప్లవ స్తోత్రం వచ్చినంత మాత్రాన వల్లెవేత చదువైపోదు. అలాగని ఉపాధ్యాయుడు నిష్పాక్షికత పేరిట నోరు మూసుకోమనటం లేదు. ఆ మౌనం బలవంతుడికే తోడ్పడుతుంది. తన అభిప్రాయం చెప్పాలి. దానిని పరీక్షించే సాధనం కూడా పిల్లలకు యివ్వాలి.

ఆ సాధనం ఖరీదైనదేమీ కాదు. బస్సు కార్మికుల సమ్మె జరిగిందనుకుందాం. ఒక పత్రిక ‘ప్రయాణికుల అవస్థలు’ అంటుంది. మరొకటి ‘జీతాల కోసం సమ్మె’ అంటుంది. రెండూ బల్లమీద పెట్టి అడగాలి: ఎవరి మాట అచ్చయింది? ఎవరి మాట అచ్చు కాలేదు? యీ పత్రికకు డబ్బు ఎక్కడినుంచి వస్తున్నది? మన పత్రికను కూడా యివే ప్రశ్నలు అడగనివ్వాలి. పిల్లవాడు మనతో విభేదిస్తే విభేదించనివ్వాలి. దానికి సిద్ధంగా లేని ఉపాధ్యాయుడు ఎంత అభ్యుదయవాది అయినా, పిల్లవాడి చేతికి పత్రికతో పాటు కళ్ళగంతలు కూడా యిస్తున్నట్టే.