కథలోని రాహేలు, ఇంటిలోని లేయా



ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడిన ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘమును నెలకొల్పిరి. మగ్గముండు ఇంట భర్త గుంటలో కాళ్లు దింపి నేయుచుండగా భార్య కండెలు చుట్టి అందించును. అట్టి దంపతులు రాత్రి పని ముగించి దీపము దగ్గర కూర్చుండిరనుకొనుడి. చదువు వచ్చినవారు ప్రేమనవల చదువుచున్నారు, రెండవవారు వినుచున్నారు. ఇది తగునా?

“పాపము” అని తొందరపడి అనకుడి. పరమగీతము మన బైబిలులోనే యున్నది. రాహేలు కొరకు యాకోబు ఏడు సంవత్సరములు కొలువు చేసిన సంగతియు అందులోనే యున్నది.

అట్టి చదువువలన మేలును గలదు. యద్దనపూడి సులోచనారాణిగారి “సెక్రటరీ” 1960లలో ఎందరో ఆశతో చదివిన నవల. 1976లో చలనచిత్రముగాను వచ్చినది. అందులో జయంతికిని రాజశేఖరమునకును నడుమ ఆత్మాభిమానము అడ్డుగా నిలుచును. వినుచున్న భార్య, “మనసులో మాట ఆయన ముందే చెప్పరాదా?” అనును. ఆ మాట రాజశేఖరమునకు మాత్రమే కాదని భర్తకు తెలియును. ఎదురుగా అడిగిన జగడమగు మాట కథ మీద పెట్టి అడిగిన నెమ్మదిగా చెవికెక్కును.

అయితే ఉచ్చు కూడ అక్కడనే యున్నది. కథానాయకునికి మేడయు కారును గలవు. అప్పుల వారు అతని వాకిట నిలువరు. కథ పెండ్లితో ముగియును. మన కాపురము పెండ్లితో మొదలగును. పుస్తకము మూసి భార్య భర్తను చూచి నిట్టూర్చినను, భర్త భార్యను చూచి కథానాయికను తలంచినను, ఆ యింట ఒక లేయా యున్నదని తెలిసికొనుడి.

యాకోబు ప్రేమకథ రాహేలుదే. అదే యింట బిడ్డలను కని, పెనిమిటి ప్రేమకై కనిపెట్టుకొని యుండినది లేయా. దేవుడు ఆమె దుఃఖమును చూచెను. అయినను కడపట ఐగుప్తులో మరణశయ్య మీద యాకోబు తన్ను పాతిపెట్టుడని కోరినది ఎక్కడ? తన పితరులతోకూడ లేయాను పాతిపెట్టిన మక్పేలా గుహలోనే. ప్రక్కనున్న మనిషి విలువ తెలియుటకు మనము అంతవరకు ఆగనేల?

కాబట్టి చదువదలచినయెడల చాటున ఒంటరిగా కాక కలిసి చదువుడి. కథలోని వారితో మీవారిని పోల్చకుడి. దీపమార్పక మునుపు, “నాతో చెప్పలేక ఆగిన మాట ఏదైన నున్నదా?” అని ఒకరినొకరు అడుగుడి. పడుగులో పోగు తెగినప్పుడు నేతగాడు మగ్గము నాపి వెంటనే అతుకును. అతుకక నేసినయెడల ఆ లోపము బట్టలో నిలిచిపోవును. మీ యింట తెగిన పోగేదో ఏ నవలలోను వ్రాసియుండదు. మీరే ఒకరినొకరు అడిగి తెలిసికొనవలెను. ఆ పని ఈ రాత్రియే మొదలుపెట్టుడి.