తీరం ఎవరిది?

బరంపురం నుంచి పూరీ వెళ్ళినప్పుడల్లా నేను సముద్రస్నానం చేస్తాను. చేయి పట్టుకుని అలలు దాటించే నులియాలలో మన తెలుగువాళ్ళున్నారు, పెంటకోట పల్లెకారులు. 2020లో అక్కడి గోల్డెన్ బీచ్‌కి బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. శుభ్రతను, సౌకర్యాలను నేను కాదనను. కాని ఏ ఒడ్డును విహారానికి దిద్దబోయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. పడవలు లాగిపెట్టుకునే చోటు, వలలు ఆరేసుకునే ఇసుక మన కంటికి ఖాళీ జాగాగా ఎందుకు కనిపిస్తాయి? పట్టా లేకపోతే హక్కూ లేనట్టేనా? ఒకపూట వచ్చిపోయే నాకు ఆ ఇసుక వినోదం, వాళ్ళకది కళ్ళం. రైతునడగకుండా కళ్ళంలో పూలతోట వేస్తామా? నా ప్రాణాన్ని ఆ చేతికి అప్పగించినవాణ్ణి. ఒడ్డు సంగతిలో ముందు ఆ మనిషి మాట వినడమే నాకు తోచిన ధర్మం.