బరువు ఎవరి భుజం మీద?

సంత రోజున కొండ దిగే కావిడిని చూడని వాళ్లు మనలో ఉండరు. ఒక వెదురు బద్ద, రెండు చివర్లా రెండు బరువులు, మధ్యలో ఒక భుజం. ఒకవైపు చింతపండు, ఇంకోవైపు పసుపు. ఒక పక్క బరువు ఎక్కువైతే మోసేవాడు ఆ పక్కకే భుజాన్ని కొంచెం జరుపుకుంటాడు. అడుగు వేసినప్పుడల్లా బద్ద ఊగుతుంది. నడక తెలిసినవాడు ఆ ఊపుకు తన అడుగు కలుపుతాడు. బడిలో తులాదండం అని చెప్పే పాఠాన్ని మన తాతలు భుజంతో నేర్చుకున్నారు. కాబట్టి యంత్ర విద్య మన కొండకు పరాయిది కాదని ముందే చెబుతున్నాం. తక్కువ బాధతో ఎక్కువ బరువు కదిలించాలన్న ఆలోచన మనిషి ఉన్న ప్రతి చోటా ఉంది.

అయితే ఆ విద్య ముందుగా ఎవరి బరువు దించాలి? ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఈ ప్రశ్న కనపడదు. మన దారుల మీద మాత్రం రోజూ కనపడుతుంది.

అరకు, అనంతగిరి కొండల మీదుగా కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పోతుంది. 1960లో జపాన్‌తో ఇనుప ఖనిజం అమ్మకానికి ఒప్పందం కుదిరింది. బస్తర్‌లోని బైలదిల్లా కొండల రాయిని విశాఖ రేవుకు చేర్చడానికి ఈ దారి వేశారు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం తేలిగ్గా దొర్లుతుంది, కానీ వాలు ఎక్కడం దానికి చేతకాదు. అరవై మీటర్ల దూరానికి ఒక మీటరు ఎక్కాలన్నా బరువు రైలు ఆయాసపడుతుంది. అందుకే కొండను తొలిచి యాభైకి పైగా సొరంగాలు చేశారు, గెడ్డల మీద వంతెనలు కట్టారు. సముద్ర మట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడలో స్టేషన్ పెట్టారు. రేవులో వ్యాగన్ మొత్తాన్ని పట్టుకుని బోర్లించే యంత్రాలున్నాయి. అక్కడి నుంచి కన్వేయర్ బెల్టు మీద రాయి ఓడ దాకా పోతుంది. ఆ తర్వాత ఖనిజం పొడిని నీళ్లలో కలిపి పంపే గొట్టం కూడా వచ్చింది. కిరండూల్ నుంచి విశాఖ దాకా దాని పొడవు దాదాపు 267 కిలోమీటర్లు. రాయి కొండ దిగడానికి ఇన్ని దారులు!

ఇదే కొండల్లో వానాకాలం వస్తే పురిటి నొప్పులు పడుతున్న ఆడకూతుర్ని డోలీలో మోసుకొస్తున్నారు. ఒక కర్ర, దానికి కట్టిన దుప్పటి, ముందొకరు, వెనకొకరు, మార్చుకోవడానికి ఇంకో ఇద్దరు. అంబులెన్సు తారు రోడ్డు ఆగిపోయిన చోట ఎదురుచూస్తూ ఉంటుంది. ఎందుకిలా అని అడిగితే కొండ నిటారుగా ఉంది, గెడ్డ పొంగింది అంటారు. రాయి కోసం కొండను తొలిచి అరవై ఏళ్లవుతోంది. రాయికి అడ్డం రాని కొండ మనిషికి ఎందుకు అడ్డమొచ్చింది?

దీనికి ఒక జవాబు ఉంది, దాన్ని దాటవేయకూడదు. రాయి డబ్బు తెస్తుంది, ఇరవై గడపల గూడెం తేదు, ఉన్న సొమ్ముతో అన్నీ ఒకేసారి చేయలేం అంటారు. సొమ్ముకు లెక్క ఉండాలన్నది నిజమే. కానీ అలా చెప్పినప్పుడు అది ఇంజనీరింగ్ కష్టం కాదని ఒప్పుకున్నట్టే. ఏది ముందు, ఏది వెనక అని ఎవరో ఎంచుకున్నారు. ఎంచుకోవడం అన్నాక అందులో న్యాయం అన్యాయం ఉంటాయి. డోలీకి కూడా ఒక నియమం ఉంది. నడవలేని వాళ్లను ముందు మోయాలి. మోసే నలుగురూ ఆమె వల్ల ఊరికి ఏం లాభమని అడగరు. బెల్టు నియమం వేరు, ఏది ఎక్కువ ధర పలికితే దాన్ని ముందు మోస్తుంది.

అలాగని డోలీని పొగడడం లేదు. మోసేవాళ్ల భుజాలు కమిలిపోతాయి, లోపలి మనిషికి ప్రతి అడుగూ నరకం. డోలీ మ్యూజియంలో ఉండాల్సిన వస్తువు. దాని నియమం మాత్రం రోడ్డు వేసేవాడి చేతిలో ఉండాలి.

కొండ దిగి పట్నంలో హమాలీ పనికి వెళ్లిన మన పిల్లలకు ఇంకో సంగతి తెలుసు. సిమెంటు బస్తా 50 కిలోలు, వడ్ల బస్తా 75 కిలోలు. ఒక మనిషి చేత 55 కిలోలకు మించి మోయించకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. కొన్ని దేశాల్లో సిమెంటు బస్తా 25 కిలోలే. సిమెంటు అదే, కట్టే ఇల్లూ అదే. బస్తా ఎంత ఉండాలో నిర్ణయించినవాడు ఎవరి వెన్నెముకను లెక్కలోకి తీసుకున్నాడు, ఎవరిది వదిలేశాడు అన్నదే తేడా.

ఇక మన వైపు కూడా చూసుకోవాలి. మన గొడ్డలిలో, కొడవలిలో, బడి స్లాబులో ఉన్నది ఏదో ఒక కొండ ఇనుమే. బైలదిల్లా కూడా మనలాంటి ఆదివాసుల కొండే. ఇనుము వద్దని మనం అనలేం. రోడ్డు కావాలని అడుగుతున్నాం, ఆ రోడ్డు మీద మందులు పైకి వస్తాయి, కలప కిందికి పోతుంది. పెద్దలు రోడ్డంటే భయపడ్డారంటే అందులో తెలివితక్కువతనం లేదు. దారి ఎటు నడవాలో తేల్చే మాట తమ చేతిలో లేదని వాళ్లకు తెలుసు. ఆ మాట కోసమే 1996 పెసా చట్టంలో గ్రామసభకు చోటు దక్కింది. అనంతగిరి మండలంలో గనుల లీజులపై నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వకూడదని చెప్పింది. కాగితం మీది మాటను సభలో నోటితో అనాల్సింది మనమే.

అందుకే యువతకు చెబుతున్నాం, ఇంజనీరింగ్ చదవండి. వాలు కొలవడం, వంతెన లెక్క కట్టడం నేర్చుకోండి. 'కుదరదు' అని ఎవరైనా అంటే, కొండ వల్ల కుదరదా, మనసు లేక కుదరదా అని తేల్చగలిగినవాళ్లు గూడేనికి కావాలి. ఉపాధ్యాయులకు ఒక మనవి. తులాదండం పాఠం వచ్చిన రోజున తరగతిలోకి ఒక కావిడి తెప్పించండి. పిల్లల చేత మోయించి లెక్క చేయించండి. లెక్క తేలాక ఇంకో ప్రశ్న అడగండి: ఈ బరువు ఎవరిది, మోస్తున్నది ఎవరు?