అమ్మ చీరయు మా కత్తెరయు

కోలుకొను దినములలో రోగికి తీరిక దొరకును గాని స్వాతంత్ర్యము దొరకదు. గుండెకు శస్త్రచికిత్స జరిగి యింటికి వచ్చిన పిదప మూడు మాసములవరకు బరువు లెత్తరాదని వైద్యులు మమ్ము శాసించిరి. ఆ చికిత్సలో రొమ్ముటెముకను చీల్చి, పని ముగిసినపిమ్మట ఉక్కుతీగలతో బిగించి కట్టుదురు. అది అతుకుకొనుటకు అంతకాలము పట్టును. నీళ్లబిందె ముట్టరాదు, మనుమని ఎత్తుకొనరాదు. ముప్పదియేండ్లకుపైగా కార్యాలయమున దబ్బనముతో కాగితపుకట్టలు కుట్టిన చేతులు ఊరకుండలేక సూదిని వెదకికొనినవి. అట్లు బొంత కుట్టుటకు పూనుకొంటిమి. మగవాడు బొంత కుట్టుటయా యని నవ్వినవారు కలరు. దర్జీలలో మగవారికి కొదవలేదు గదా యని ఊరకుంటిమి.

బొంత యన నేమో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. నలిగి మెత్తబడిన నూలుచీరలను, పంచెలను పొరలుగా పరచి, మీద రంగుగుడ్డల ముక్కలు అమర్చి, ఈ కొననుండి ఆ కొనవరకు వరుసగా కుట్లు వేయుదురు. పొరలన్నియు సూదికి చిక్కవలెను. లేనిచో ఉతికినపుడు లోపలిగుడ్డ ఉండచుట్టుకొనును. జరీ ఒంటికి గీచుకొనును గనుక అంచు విప్పివేయవలెను. క్రొత్తగుడ్డకు ఆ మెత్తదనము రాదు. పురిటిబిడ్డను పాతగుడ్డమీద పరుండబెట్టుట మన యిండ్ల వాడుక. కన్నడమువారు దీనిని కౌది యందురు, మరాఠీలు గోధడి యందురు, వంగదేశమువారి కాంథా లోకప్రసిద్ధము. చెన్నపట్టణపు ఉక్కలో కప్పుకొనుటకు ఏడాదిలో పదిరోజులైన అక్కరకు రాదు, క్రింద పరచుకొనుటకే. మేముండు చింతాద్రిపేట 1734 ప్రాంతమున కుంపిణీవారు నేతగాండ్రను చేర్చి కట్టించినది. పేట పేరునకు చిన్నమగ్గముల ఊరని అరవమున అర్థము చెప్పుదురు. ఇచ్చట గుడ్డముక్కకు కరవేమి యనుకొంటిమి.

మా చొక్కాలు, గృహిణి చీరలు, మనుమని బడిదుస్తులు అన్నియు కత్తిరించినను నడుమ కొంత చోటు మిగిలినది. అపుడు మా తల్లి వెంకటగిరిచీర జ్ఞప్తికి వచ్చెను. ఆమె గతించి ఇరువదియేండ్లు దాటినది. చీరను విప్పిచూడగా మడత మడతకును చిరుగు. పెట్టె దానిని కాపాడుచున్నదని భ్రమసితిమి. ఏండ్లతరబడి మడత మార్చనందున పెట్టెయే దానిని కోసియుండెను. దాచుటకన్న వాడుటయే మేలని నిశ్చయించి కత్తెర వేసితిమి.

మూడవనాడు పెరంబూరునుండి మా అక్కయ్య మమ్ము చూడవచ్చెను. అంచు విప్పిన చీరముక్కలు చాపమీద నుండెను.

"ఏమిరా, అమ్మ చీరకు కత్తెర పెట్టినావా?"

"అది అప్పటికే చిరిగిపోయింది అక్కయ్యా."

"చిరిగితే చిరగనీ. పెట్టెలో ఉన్నంతకాలం అది అమ్మ చీర. ఇప్పుడది నీ బొంత."

మాకు తెలిసిన న్యాయమంతయు చెప్పితిమి. బుద్ధుడు మగధదేశపు వరిమళ్లను ఆనందునికి చూపి, ఆ గట్ల తీరున భిక్షువుల వస్త్రములు కుట్టింపుమనెనని వినయపిటకమున కలదు. కోసి కుట్టిన గుడ్డను ఇతరు లాశింపరట. అంతయేల, మా గుండె మాత్రమేమి? మా కాలిలోని సిర నొకదానిని కోసితెచ్చి గుండెకు కుట్టిరి. ఈ పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండున ఫవలోరో యను వైద్యుడు ప్రచారమునకు తెచ్చెను. మన దేశమున మొట్టమొదట 1975లో డాక్టరు చెరియన్ చేసినది అక్కయ్య నివసించు పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలోనే. కోసినది పోయినట్లు కాదు, వేరొకచోట బ్రతుకుచున్నదని వాదించితిమి.

ఆమె అంతయు విని, "నీ కాలు కోసేముందు నిన్నడిగారా?" అనెను.

అడిగిరి. మూడుచోట్ల సంతకము చేయించుకొనిరి.

మేము చెప్పినదానిలో అబద్ధము లేదు. అయినను మంచి కారణముండుట వేరు, అధికారముండుట వేరు. ఆ చీరకు వారసుల మిద్దరము. కార్యాలయమున కాలము చెల్లిన కాగితములనైనను జాబితా వ్రాసి, పైయధికారి ఉత్తరువు పొందినగాని చింపి యెరుగము. అట్టివారము ఇంట నిట్లేల చేసితిమని పలుదినములు ఆలోచించితిమి. వ్యాధి మంచితనము నేర్పునని పెద్దలందురు. మా అనుభవము కొంత వేరు. మాసములతరబడి వేడినీరు, జావ, మందు అడుగకయే చేతి కందినవి. అన్నియు అట్లు అందుచుండగా అడుగుట యను అలవాటే తప్పినది. అక్కయ్యయు మాకై ఆసుపత్రి వరండాలో రెండు రాత్రులు కూర్చున్నదే.

క్షమింపుమని అంటిమి. ఆమె బదులు పలుకక చాపమీద చతికిలబడి, బొంతలో అప్పటికే చేరిన ముక్కలను వ్రేలితో తడవి లెక్కించెను. పదకొండు. వానిని విప్పుమనలేదు. కుట్టక మిగిలినవానిని, జరీ అంచును ఒక్కటి విడువక మడిచి సంచిలో వేసికొనెను. వానితో నేమి చేయునో మేమడుగలేదు.

నడుమ మిగిలినచోట మా పాతపంచె ముక్క వేసి ముగించితిమి.